నాన్నకు చెప్పిన సైరన్ అబద్ధం

మా నాన్నకు తొంభై దాటాయి. ముప్ఫై ఐదేళ్లు భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపిన మనిషి. టౌన్‌షిప్ సెక్టర్ 6లో మా చిన్నతనమంతా ప్లాంటు సైరన్ మీదే నడిచింది. రెండింటి సైరన్ మోగగానే అమ్మ అన్నం వార్చేది, మేం నాన్న సైకిల్ కోసం గేటు పట్టుకుని వేలాడేవాళ్లం.

ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. పోయినేడాది నుంచి ఆయన గుమ్మం దాటడం లేదు. వినికిడి కూడా బాగా పోయింది, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. ఒకరోజు "ఏటిరా, సైరన్ మోగట్లేదు?" అని అడిగారు. అది రోజూ మోగుతూనే ఉంది, నీకే వినపడట్లేదని చెప్పి ఆయన మనసు కష్టపెట్టలేక "ఆపేశారు నాన్నా" అనేశాను.

ఈ మధ్యాహ్నం పక్క క్వార్టర్ దీదీ వచ్చి, ఆయన చెవి దగ్గర వంగి, "బాబూజీ, రెండింటి సైరన్ అయిపోయింది, ఇంకా భోంచెయ్యలేదా?" అని గట్టిగా అడిగింది. నాన్న నావైపు చూశారు. దొరికిపోయాను. నిజం చెప్పేసి తల దించుకున్నాను.

ఆయన నవ్వారు. "సెవులు పోతే పోనీరా. ప్లాంటే మూసేసినారేటో, నాకు సెప్పలేక దాస్తన్నారేటో అని ఏడాది బట్టి దిగులు పడిపోతన్నాను."

చెయ్యి చాచారు. "ఇకమీద సైరన్ మోగినప్పుడు నా సెయ్యి నొక్కు."

ఆయన్ని బాధ నుంచి కాపాడుతున్నాననుకుని, ఏడాదిపాటు ఆయన ప్లాంటుకు నేనే తాళం వేశాను. మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్లకు ప్రేమకొద్దీ ఇలాంటివి చెప్పారా? చెప్పి ఉంటే, వాళ్లేం అనుకుంటున్నారో ఒకసారి అడిగి నాకు రాయండి.