ఉట్టిలో మిగిలిన ఒక్క దోసకాయ

మా దోసకాయకు చారలుండేవి. పండిన పసుపు మీద ముదురాకుపచ్చ చారలు, తొడిమ నుంచి అడుగు దాకా, ఎవరో వేలితో గీసినట్టు. పిందెగా ఉన్నప్పుడు ఒళ్ళంతా నూగు. పండుకాయ ఇంట్లో ఒక్కటుంటే చాలు, గడప తొక్కేసరికి వాసన తెలిసేది. అన్నిటికన్నా పెద్ద సంగతి, చేదు ఉండేది కాదు. ఇప్పుడు అంగట్లో దోసకాయ తెస్తే ముందు ఒక ముక్క కొరికి చూడాలి. మా ఇంట్లో ఆ అలవాటే లేదు. కాపురానికొచ్చిన కొత్తలో నేనట్లా ముక్క నోట్లో వేసుకుంటే మా అత్త చూసింది.

"నా కాయనే అనుమానిస్తావేందే? మీ పుట్టింటి కాయనుకున్నావా?" అని కసిరింది.

ఆ విత్తనం ఆమెదే. వాళ్ళ ఊరు ఇప్పుడు సోమశిల నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసి మా ఉదయగిరి పక్కకు వచ్చిన రోజున అందరూ తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తారట. మా అత్త మాత్రం గోడ మీది పిడకలు ఒలుచుకుని ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. అవి పొయ్యిలోకి కాదు. దోసగింజలు పేడలో కలిపి గోడకు కొడితే పురుగు పట్టవు, వానలొచ్చే దాకా అక్కడే ఉంటాయి.

"ఊరు ఊరంతా నవ్వినారుమే, ఆ ఊళ్ళో పేడ దొరకదా అని," అని చెప్పి ఆమె కూడా నవ్వేది. ఆ ఊరి నుంచి వచ్చిన వాటిలో ఆమె పోయేనాటికి మిగిలింది ఆ గింజలొక్కటే.

సజ్జచేలో సాళ్ళ మధ్య వేసేవాళ్ళం. సజ్జ కోసేసరికి చేనంతా కాయలే. దారిన పోయేవాళ్ళు కోసుకు తిన్నా అడిగేవాళ్ళం కాదు. ఉట్లో పేర్చి పెడితే ఎండాకాలం దాకా చెడేవి కావు. పప్పులోకి, రోటి పచ్చడిలోకి, ఆవకాయలోకి అదే కాయ. గింజలు అడిగినవాళ్ళకు పిడక విరిచి ఇచ్చేవాళ్ళం.

నా మొగుడికి రెండు పట్టింపులు. చేలో అన్నిటికన్నా మంచి కాయ కోతపండక్కి చర్చిలో ఇవ్వాలి. దాని తర్వాతది విత్తనానికి ఉంచాలి. విత్తనపు కాయకు ఎవరూ కోయకుండా తన పాత లుంగీ పీలిక కట్టేవాడు. మంచిది విత్తనానికి ఉంచుకోవచ్చు గదా అని నేనొకసారి అన్నాను.

"ఇచ్చినోడికి రెండో రకం ఇస్తావా? నీ మొగం జూసి ఇచ్చినాడా?" అన్నాడు.

ఆయన పోయాక చేను కౌలుకిచ్చాం. కౌలుదారు గడ్డిమందు కొట్టాడు. గడ్డితో పాటు దోసతీగలూ మాడిపోయాయి. కంచె వెంట నాలుగు పాదులు పెట్టుకుని నేను ఎట్లాగో నెట్టుకొచ్చాను. అప్పట్లో మా దగ్గర గింజలు పట్టుకుపోయినవాళ్ళను అడిగితే ఒక్కరి దగ్గరా లేవు. అందరూ వింజమూరులో ప్యాకెట్లు కొంటున్నారు. నాకు అక్షరాలు రావు, ప్యాకెట్ మీద బొమ్మ చూసి నేనూ ఒకసారి తెచ్చాను. కాయలు విరగకాశాయి. నున్నగా, ఒక్క వాసన లేకుండా.

పోయినేడాది కొండ మీంచి అడవిపందులు దిగి ఆ నాలుగు పాదులూ కుళ్ళగించాయి. సజ్జదంటు కింద దాగి ఒక్క కాయ బతికింది. దానికి పీలిక కట్టి ఉట్లో పెట్టాను. కోతపండగ దగ్గరకొచ్చే కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. ఉన్నది ఒక్కటి. దేవుడికిస్తే విత్తనం పోతుంది. ఇవ్వకపోతే మా ఆయన మాట పోతుంది.

అప్పుడు నాకు ఒక తెలివి తట్టింది. మా చర్చిలో అందరూ తెచ్చింది బల్ల ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక వేలం పాడతారు. ఎవరి వస్తువు వాళ్ళే పాడుకుని ఇంటికి తెచ్చుకోవడమూ ఉంది. నా కాయ నేనే పాడుకుంటే దేవుడికి ఇచ్చినట్టూ ఉంటుంది, విత్తనమూ దక్కుతుంది. పీలిక విప్పి కాయను బల్ల ముందు పెట్టాను.

వేలంలో పొట్టేలు పాడారు, కోళ్ళు పాడారు, వడ్లమూట పాడారు. కూరగాయలు రానే లేదు. అడిగితే, ఈ ఏడు కూరగాయలన్నీ విందులోకే అని పాస్టరుగారు చెప్పారన్నారు. నేను లోపల కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే, నా కాయ వెనక వంటల దగ్గరికి పోయింది.

పరుగెత్తాను. వంటామె గరిటె తిప్పుతోంది.

"నా చారల కాయ ఏదిమే?"

"పప్పులో ఉడకతా ఉండాది అవ్వా. ఏం వాసనవ్వా అది!"

"గింజలో?"

గెడ్డంతో తొట్టి చూపించింది. బర్రెకని తొక్కలూ గుజ్జూ అందులో వేశారు. ఇరవై దోసకాయల గుజ్జు, అన్నీ కలిసిపోయి. చీర ఎగదోపుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టాను.

"ఏందవ్వా, బర్రె కుడితికే పోటీకొచ్చినావా?" అంది ఆమె. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. మా అత్త గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. విందులో ఆ పప్పు తిన్నాను. ఏ ముక్క మాదో తెలియలేదు.

గింజలన్నీ కడిగి, పేడలో కలిపి గోడకు కొట్టాను. ఎండాక పెరట్లో స్నానాల జాలాడి నీళ్ళు పారే చోటంతా గుచ్చాను. తీగలు పెరడంతా కమ్ముకుంటే కోడలు గొణిగింది. పిందెలు పడ్డాయి. రోజూ పొద్దున్నే వంగి చూసేదాన్ని. అన్నీ నున్ననివే. కొరికి చూస్తే కొన్ని చేదు. చివరికి బట్టలుతికే బండ వెనక ఒక పాదున, నూగుతో, సన్నటి చారలతో రెండు పిందెలు కనిపించాయి. అక్కడే కూర్చుని వాటి చుట్టూ గడ్డి పీకాను.

చేదుతీగ పక్కనుంటే మంచి తీగ పాడవుతుందని మా అత్త అనేది. లేచి, మిగిలిన తీగలన్నీ పీకడం మొదలుపెట్టాను. కోడలు పరుగెత్తుకొచ్చింది.

"కాసే తీగలు పీకతావేందత్తా? పిచ్చిగాని పట్టిందా?"

"నువ్వు గూడా ఒక చెయ్యెయ్యి. ఆ బండ కాడిది మాత్రం ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తా."

తిట్టుకుంటూనే పీకింది. మధ్యాహ్నానికి పెరట్లో ఒక్క తీగ మిగిలింది. పెట్టెలోంచి ఆయన లుంగీ తీసి, రెండు పీలికలు చించి, రెండు కాయలకూ కట్టాను. ఈసారి కోతపండక్కి ఏమిస్తావవ్వా అని చర్చిలో అప్పుడే అడుగుతున్నారు. కోడినిస్తానన్నాను. దేవుడు మా కాయ పోయినేడు తిన్నాడు గదా, రుచి ఆయనకూ తెలుసు, ఒక ఏడాది ఆగుతాడు.