ప్రత్యర్థుల భుజాల మీద

మా సైనిక పాఠశాలకూ పక్క రాష్ట్రంలోని సైనిక పాఠశాలకూ ఏటా ఫుట్‌బాల్ పోటీ జరిగేది. క్యాడెట్లుగా ఉన్నప్పుడు ఆ జట్టువాళ్లతో మాట్లాడటమే నామోషీ మాకు.

కరోనా సద్దుమణిగాక, షార్జాలో ఉంటున్న రెండు పాఠశాలల పాత విద్యార్థులం ఆ పోటీ మళ్లీ పెట్టుకున్నాం. బొజ్జలతో ఆయాసపడుతూనే పట్టుదలగా ఆడాం. చెరో గోల్‌తో సమంగా ఉన్నాం. ఆట ముగుస్తుందనగా నేను మా గోల్‌కీపర్‌కి ఇవ్వబోయిన బంతి నేరుగా మా గోల్‌లోకే దూరింది. మావాళ్లు తలలు పట్టుకున్నారు. సిగ్గుతో అక్కడే కూలబడ్డాను.

అవతలి జట్టు కెప్టెన్ ఖాజా పరుగెత్తుకొచ్చాడు. క్యాడెట్‌గా నాతో కలబడి చొక్కా చింపుకున్న నెల్లూరువాడు.

"యల్లా, లెయ్ అబ్బయా! మావోళ్లకన్నా నువ్వే నయం!" అంటూ, అరబ్బీ 'యల్లా'తో పద పదమని తొందరపెడుతూ నన్ను భుజాలకెత్తుకున్నాడు.

మావాళ్లూ పగలబడి నవ్వారు. చిన్నప్పుడు ఓడితే ఏడ్చేవాళ్లం. ఓడిపోయి అంత సంతోషంగా ఇంటికెళ్లింది మాత్రం ఆ ఒక్క రోజే.