ఫ్లెక్సీలోంచి కన్నుకొట్టినవాడు

మా స్నేహితుడికి ఒకటే జబ్బు. ఎదుటివాడు అబద్ధం మొదలుపెట్టగానే నాకు కన్నుకొట్టేవాడు. పెళ్లిలోనైనా, పరామర్శలోనైనా అంతే. కెమెరాని కూడా నమ్మేవాడు కాదేమో, ఫొటోల్లోనూ అదే వేషం.

అందుకే వాడు పోయాక సంతాపసభ ఫ్లెక్సీకి బుద్ధిగా ఉన్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. "ఆ కన్ను కంప్యూటర్లో తెరిచేయమంటారా అండీ?" అన్నాడు గవర్నర్‌పేటలో ఫ్లెక్సీ షాపాయన.

"వద్దు అన్నయ్యగారూ, రెండు కళ్లూ తెరిస్తే నేనే గుర్తుపట్టలేను" అంది వాడి భార్య. దణ్ణాలు పెడుతున్న నాయకుల బొమ్మలు మాత్రం వాడి బొమ్మకన్నా పెద్దవిగా, మహా గంభీరంగా కుదిరాయి.

సభలో ఒక నాయకుడు, పోయినవాడి పేరు పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని మరీ మైకందుకున్నాడు. "మేమిద్దరం ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్లమండీ" అంటూ గొంతు జీర పోనిచ్చాడు. ఆయన వెనక ఫ్లెక్సీలోంచి మావాడు నాకు కన్నుకొట్టాడు.

నవ్వాపుకోలేక కర్చీఫులో మొహం దాచుకున్నాను. భుజాలు ఎగిరిపడుతున్నాయి. "పాపం, తట్టుకోలేకపోతున్నారండీ" అంటూ ఎవరో మంచినీళ్ల సీసా ఇచ్చారు.

ముందు వరసలో వాడి భార్య కూడా కొంగులో మొహం దాచుకుంది. ఆమె చూపు అంతవరకూ ఫ్లెక్సీ మీదే ఉంది. ఆమె భుజాలూ ఎగిరిపడుతున్నాయి.

సీసా మూత తియ్యకుండా ఆమెకి పంపించాను.