చిలకముక్కు గుడ్డ

మా ఊరి బడి టీచరమ్మగారు పోయారు. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, బడిలో వంట చేసే ఆవిడ వచ్చి మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి ఆ మాట చెప్పింది. గుంటూరు ఆసుపత్రిలో తెల్లవారుజామున పోయారట. ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ముందే రావలసిందనీ డాక్టర్లు అన్నారట. నా పక్కన కూర్చున్న మనవరాలు గడ్డం కిందికి జారిన తన గుడ్డను మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది.

ఆ గుడ్డ సంగతి మీకు చెప్పాలి.

తల్లి పోయి నా దగ్గరికి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. నాకు అసలే ప్రతిదానికీ భయం. మబ్బు పడితే కాయ తడుస్తుందని, ఎండ కాస్తే పిల్లకు వడదెబ్బని. బడికి పంపి నేనూ గుమ్మం దగ్గరే కూర్చునేదాన్ని. ఆ గదిలో చడీచప్పుడూ ఉండేది కాదు. సగం మంది కోతలకు పైరాష్ట్రం నుంచి వచ్చిన కూలీల పిల్లలు, తెలుగు రాదు. మాదానికి వచ్చినా పలకదు.

"మాట్లాడమని అడక్కండి మామ్మగారూ. అడిగేకొద్దీ లోపలికి పోతుంది" అనేవారు టీచరుగారు. పుస్తకం తీసేవారు కాదు. బొమ్మలు వేయించేవారు, మట్టి పిసికించేవారు, పాట కూనిరాగం తీసేవారు.

ఒకరోజు నేను కల్లం నుంచి మూతిగుడ్డతోనే బడికి వెళ్ళాను. టీచరుగారు దాన్నే చూస్తూ, "అది నాకిస్తారా?" అన్నారు.

"ఘాటండీ, కళ్ళు మండిపోతాయి!"

ఉతికించి, ముక్కలు చేసి, పిల్లలకు రంగులిచ్చారు. ఒకడు పులి నోరు వేశాడు. మాది చిలకముక్కు వేసింది. టీచరుగారు కాకిముక్కు కట్టుకుని కావుమన్నారు.

"చిలకా చిలకా, ఏం తింటావే?"

"మిరపక్కాయ."

ఎవరిదా గొంతు అని చూశాను. నా మనవరాలిది అంత బొంగురుగొంతని నాకు తెలియదు.

"ఇంగ్లీషు చిలకైతేనో?"

"చిల్లీ!"

టీచరుగారు పగలబడి నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. చాలాసేపు ఆగలేదు.

గుడ్డ కడితేనే మాట, విప్పితే లేదు. జన్మంతా ఇంతేనా అని నాకు కొత్త బెంగ. "లాగేయకండి మామ్మగారూ, అవసరం తీరాక అదే జారుతుంది" అన్నారు. నిజంగానే కొద్దికొద్దిగా జారింది. ఇంట్లో అన్నం పెట్టమని అడగడం మొదలుపెట్టింది.

ఆ దగ్గు మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "చూపించుకోండమ్మా, నాకు మంచిగా అనిపించట్లేదు" అన్నాను.

"మీకెప్పుడు మంచిగా అనిపించింది? ఘాటండీ. కాయల రోజుల్లో దగ్గనివాళ్ళెవరు?"

"ఇవాళ్టికి మీరు దొరికారు టీచరమ్మా, ఈవిడ దిగులుకి!" అంది వంటావిడ. అందరం నవ్వాం.

నిరుడు కల్లాలు ఖాళీ అయ్యాయి. ఊరి దగ్గు ఆగింది. ఆవిడది ఆగలేదు. వానాకాలమంతా మాటకీ మాటకీ మధ్య గోడ పట్టుకుని పాఠం చెప్పారు. ఈ ఏడు కొత్త కాయ వచ్చేసరికి ఊరంతా మళ్ళీ దగ్గుతోంది. అందులో ఆవిడ దగ్గు ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడా గదికి తాళం. కిటికీలోంచి చూస్తే తాడు మీద పులినోళ్ళూ కాకిముక్కూ గాలికి కదులుతున్నాయి. మాది మాత్రం ఆ వార్త విన్న నాటి నుంచి గుడ్డ దించలేదు, మాట లేదు. నిన్న ఆ చిలకముక్కు వెనక నుంచి చప్పుడు వచ్చింది. పలికిందేమోనని పరుగెత్తాను. దగ్గు.

"ఘాటేలే మామ్మా" అన్నారందరూ.

ఈసారి నేను నవ్వలేదు. ఇవాళ పొద్దున్నే దాని చెయ్యి పట్టుకుని గుంటూరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. రెండు పక్కలా కల్లాలు, ఎర్రగా. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ చిలకముక్కు లోపలికి పోతోంది, మళ్ళీ బయటికి ఉబ్బుతోంది. మాట వస్తుందో, దగ్గే వస్తుందో అని దాన్నే చూస్తున్నాను.