బూట్లలో కాళ్ళు

పోలీసు యాక్షన్ రోజులవి. నాకు పదమూడేళ్ళు. రైల్వేలో పనిచేసే నాన్న డ్యూటీలో చిక్కుకుపోయి, మూడు రోజులుగా సికింద్రాబాద్‌లోని మా ఇంటికి రాలేదు. ఇంట్లో అమ్మా, ఆడపిల్లను నేనూ ఉన్నాం.

మిట్టమధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు.

"ఇంట్ల మొగోళ్ళు ఎవరున్నరు?" ఎప్పుడూ వినని గొంతు.

నాన్న పాత బూట్లు తెచ్చి అమ్మ నా ముందు పెట్టింది. "ఏస్కొని నడువు బిడ్డా, గట్టిగ నడువు" అని చెవిలో చెప్పి, తలుపు వైపు తిరిగి, "మా ఆయన ఉన్నడు, డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చి తానానికి పోతున్నడు!" అని అరిచింది.

నేను బండల మీద టకటకా నడిచాను. బూటు జారితే దొరికిపోతామని కాలివేళ్ళు బిగించాను. చాలాసేపటికి బయటి అడుగులు దూరమయ్యాయి.

మర్నాడు నాన్న వచ్చి, సంగతి విని పకపకా నవ్వాడు.

"జూసినవా? నేను లేకపోయినా నా బూట్లే ఇల్లు కాపాడినయ్!"

అమ్మ వాటిని తుడిచి గూట్లో పెట్టింది. నా మడమల మీది పొక్కులు ఎవరూ చూడలేదు.

ఇద్దరం ఉన్నా, మగవాడి చప్పుడు లేకపోతే ఆ ఇల్లు ఖాళీ కిందే లెక్క. తలుపు బాదిన గొంతు ఎప్పుడో మరిచిపోయాను. నాన్న నవ్వు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది.