దీని కింద పని చేసేదెవరు

గొలుసు పళ్లచక్రం మీదుగా టకటకమంటూ దిగే చప్పుడు వింటే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. నరసరావుపేట దగ్గర మా ఫ్యాక్టరీలో రాళ్ల క్వారీలకు బరువులెత్తే హాయిస్టులు తయారవుతాయి. ఒక్కోదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని మీద సంతకం చాలా ఏళ్లు ధనలక్ష్మి మేడమ్‌ది. పోయిన వేసవిలో ఆమె చనిపోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను.

సంతకం చేసేముందు ఆమె కొనేవాళ్లను ఒకటి అడిగేవారు: దీని కింద పని చేసేదెవరు? ఏ నిబంధనలోనూ లేని ప్రశ్న. పేరు చెప్పేదాకా పెన్ను తీసేవారు కాదు. చేరిన కొత్తలో నేను దాన్ని చాదస్తమనుకున్నాను.

ఒకరోజు మాచర్ల వైపు నుంచి ఓ క్వారీ యజమాని లారీతో వచ్చాడు. పరీక్ష చేసే స్టాండు మరమ్మతులో ఉంది, సాయంత్రానికి గాని సిద్ధం కాదు. అదే రకం హాయిస్టులు అంతకుముందు వారం అన్నీ పరీక్షలో నెగ్గాయి కాబట్టి సంతకం పెట్టి పంపమని మా యజమాని ఫోన్ చేశారు. ఆర్డరు పోతే ఆమెదే బాధ్యతన్నారు. మేడమ్ ఫోన్ పెట్టేసి, క్వారీ యజమానికి కుర్చీ చూపించి, తన ప్రశ్న అడిగారు.

"ఎవుడో ఒకడుంటాడులేమ్మా. పేరుతో పనేంది?"

"పేరు లేనోడు ఉండడు గదన్నా."

అతను కుర్చీలో కూర్చున్నాడు. "మా అక్క కొడుకు, శీనుగాడు," అన్నాడు. ఆ తర్వాత తొందరపెట్టలేదు.

సాయంత్రం, మోయాల్సిన దానికన్నా పావు వంతు ఎక్కువ బరువు వేలాడదీశాం. హాయిస్టు చెక్కుచెదరలేదు. నాకు కొంచెం నిరాశ కలిగింది. ఏదో ఒక లోపం బయటపడితే ఆమె మాట నెగ్గేదని నా ఆశ. క్వారీ యజమాని నవ్వాడు.

"చానా బాగుందిగా తల్లీ. ఈ ముక్క పొద్దున్నే చెబితే ఈపాటికి మా ఊళ్లో ఉండేవాణ్ణి."

మేడమ్ సంతకం చేస్తూ తల ఎత్తకుండానే జవాబిచ్చారు. "పొద్దున నాకు తెలవదన్నా. ఇప్పుడు తెలిసింది, చెప్తన్నా."

ఆమె గెలిచానని అనుకోలేదు. తెలియనిదాన్ని తెలుసని రాయలేదు, అంతే.

పరీక్ష కాకముందే సంతకం పెట్టమని నిన్న మా యజమాని నుంచి అలాంటి ఫోనే నాకూ వచ్చింది. నాకింకా తెలియదండీ అని పెట్టేశాను. హాయిస్టు కోసం వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. దీని కింద పని చేసేదెవరని అడిగాను.

"నేనేనండీ," అన్నాడు.

కుర్చీ చూపించాను.