మొదటి పేజీలో పేరు

రాయ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో, రైలు మూడు గంటలు లేటన్న చిరాకులో, ఒక నవల చదువుతున్నాను. జ్ఞాపకం పోయిన పదహారేళ్ల పిల్ల, తనను మేడ మీంచి తోసిందెవరో వెతుక్కునే కథ. పక్కనున్న కాలేజీ అమ్మాయి చూసిస్తానంటే ఇచ్చాను. నేరుగా చివరి పేజీలు చదివేసి, మొదటి పేజీలో పెన్నుతో దోషి పేరు రాసేసింది!

"ఇదేం పనమ్మా? నేనింకా సగంలోనే ఉన్నాను!" అని కసిరాను.

"మాఫ్ చెయ్యండి ఆంటీ, అలవాటుల రాసేసిన. సిల్తారా దగ్గర బండి మీదికెల్లి పడ్డప్పట్నుంచి, ఏం చదివినా తెల్లారేసరికి యాద్ ఉంటలేదు. అందుకే ముందే రాసుకుంట."

పుస్తకం లాక్కున్నాను. రైలెక్కాక, ఆ పేరు కొట్టేద్దామని పెన్ను తీస్తే, దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కనిపించింది:

"ఈ పిల్లకు ఆఖర్ల అన్నీ యాదికొచ్చినయ్."